ఉలియు పుస్తకమును

చేతితో చేయు పని విద్యయా, కూలియా? జర్మనీ దేశమున బ్లాంకెన్‌బర్గు పట్టణమునందు 1837లో ఫ్రోబెల్ పండితుడు పసిపిల్లలకొక బడి నెలకొల్పి, చెక్కదిమ్మెలతోడను తోటపనితోడను ఆటపాటలతోడను బుద్ధి వికసించునని చూపెను. అట్టి బడులను ఆ దేశమందలి ప్రష్యా ప్రభుత్వము 1851లో నిషేధించెను. 1860లోగాని ఆ నిషేధము తొలగలేదు.

మన కృష్ణా మండలమున 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అచట గ్రంథపఠనము సరసనే వడ్రంగమును, నేతయు, చిత్రలేఖనమును నిలిచెను. హనుమంతరావుగారు వకీలు వృత్తిని కాదని, 1922లో కన్నుమూయువరకు దానికే తమ బ్రదుకు ధారవోసిరి.

ప్రష్యాలో నిషేధించినది రాజ్యము. మన యిండ్లలో నిషేధించువారెవరు? నేటి విజయవాడ గోడలపై ర్యాంకుల ప్రకటనలు నిండియున్నవి. సభలలో బందరు కళాశాలను కొనియాడు మనమే, కుమారుడు ఉలి పట్టినచో చదువు చెడెనని విలపింతుము. పరుల బిడ్డకు ఉలియు, మన బిడ్డకు పుస్తకమును చాలుననుట పాత వర్ణభేదము కట్టిన క్రొత్త వేషమే.

పరీక్షలు వలదనుట మా యభిమతము కాదు, బ్రదుకుదెరువు కావలసినదే. కాని మార్కులే విద్యకు కొలతయైనచో, శ్రమను గౌరవించుట పిల్లలెచట నేర్తురు? పాఠక మహాశయులారా, మీ యింటికి వడ్రంగి వచ్చిననాడు పిల్లవానిని ఆయన చెంత కూర్చుండబెట్టి, "గురువుగారూ" యని పిలువ నేర్పుడు. సంస్కరణ మచటనే మొదలగును.