బిల్లులో రాయని పద్దు

ఆడవాళ్ళకి లెక్కలు రావని ఎవరన్నారో గానీ, ఆ అన్నవాళ్ళు ఎన్నడూ మనతో బజారుకి వచ్చివుండరు. ఫలానా కొట్లో చీర రెండొందలు తక్కువట అని ఎవరైనా చెబితే, "అక్కడిదాకా ఆటోకి నూటయాభై, వచ్చేటప్పుడు మరో నూటయాభై, నచ్చకపోతే వాపసు తీసుకోడు... ఇంక చవకెక్కడ?" అని నిలబడ్డచోటే తేల్చేస్తాం. వస్తువు ధర వేరు, అది ఇంటికొచ్చి మనకి పనికొచ్చేదాకా అయ్యే ఖర్చు వేరు. ఈ సంగతి మనకెవరూ నేర్పనక్కర్లేదు.

మరి ఇదే లెక్క మన ఒంటి విషయంలో వేయాల్సివస్తే?

వరసకి నాకు కూతురయ్యే అమ్మాయొకతి ఇంగ్లండులో వుంటోంది. ముప్ఫయ్యేడేళ్ళు. ఉద్యోగం, భర్త, స్కూలుకెళ్ళే కొడుకు. చిన్నప్పటి నించీ మనిషి లావే. ఈమధ్య దానికి షుగరూ, మోకాళ్ళ నొప్పులూ తోడయ్యాయి. ఆ అమ్మాయి మొన్నీమధ్య ఫోన్ చేసి, "పిన్నీ, బరువు తగ్గే ఆపరేషనుకి టర్కీ వెళదామనుకుంటున్నాను. ఇక్కడ ప్రైవేటులో అయితే పదివేల పౌన్లు. ఇస్తాంబుల్లో మూడువేలే! ఆస్పత్రీ, హోటలూ, ఎయిర్‌పోర్టు నించి కారూ అన్నీ అందులోనే. ఏది లాభమో నువ్వే చెప్పు" అంది. ఆ వెంటనే, "అమ్మకి మాత్రం చెప్పకు" అని కూడా అంది.

మూడువేల పౌన్లంటే మన రూపాయల్లో మూడు లక్షల పైమాటే. పదివేలంటే పది పన్నెండు లక్షలు. తేడా చిన్నదేం కాదు.

"అక్కడ ప్రభుత్వ వైద్యం ఉచితం గదా?" అని మీరడగొచ్చు. ఉచితమే. కానీ ఎత్తుకీ బరువుకీ వుండే నిష్పత్తిని బట్టి కట్టే బీఎమ్ఐ 40 వుండాలి, షుగరులాంటి జబ్బులుంటే 35 వున్నా చాలు. తక్కువ బరువుకే జబ్బులు తగులుకునే మనలాంటి దక్షిణాసియా వాళ్ళకి ఆ గీతని రెండున్నర కిందికి దించారు కూడా. అయితే అర్హత వుండడం వేరు, వంతు రావడం వేరు. ముందు బరువు తగ్గించే క్లినిక్కుకి నెలల తరబడి తిరగాలి. ఆ పైన క్యూ. చాలాచోట్ల అది ఏళ్ళ మాట.

సరే, ఫోన్లోనే ఇద్దరం కాయితం మీద లెక్క వేశాం.

విమానం టిక్కెట్టు ప్యాకేజీలో లేదు. తోడు ఎవరైనా వెడితే వాళ్ళకి మరో టిక్కెట్టు. ఆపరేషనుకి ముందు రెండువారాలు ప్రత్యేకమైన తిండి తినాలి. కాలేయం కాస్త కుంచించుకుంటేనే డాక్టరుకి చెయ్యి ఆడుతుందిట. వచ్చాక రెండువారాలు పల్చటివే తాగాలి, తరవాత మెత్తగా చేసినవి. మామూలు అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నెలన్నర, రెండు నెలలు. అంతకాలం సెలవు దొరకదు, దొరికినన్నాళ్ళూ జీతం రాదు. మామూలు ప్రయాణపు ఇన్సూరెన్సు, కావాలని చేయించుకునే ఆపరేషనుకి వర్తించదు. విడిగా కట్టాలి.

ఇక ఆపరేషను. జీర్ణాశయంలో మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు. అరటికాయలాంటి సన్నటి గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా ఆ తీసేసినదాంట్లోనే పోతుంది. అందుకే తిండి మీద యావ తగ్గుతుంది. కోసేసింది మళ్ళీ రాదు. బతికినన్నాళ్ళూ విటమిన్లు, ఐరన్, కాల్షియం మింగాలి. అక్కడ మూడునెలలకోసారి బీ12 ఇంజెక్షను కూడా ఇస్తారు. ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు. కొన్నాళ్ళు జుట్టు రాలుతుంది. ఏడాదీ ఏడాదిన్నరా కడుపు రాకూడదు. వదులైపోయిన చర్మం సంగతి మళ్ళీ వేరే ఖర్చు.

అన్నీ కలిపితే మూడువేలు కాస్తా నాలుగువేల అయిదొందలకి తేలింది. అయినా ఇంగ్లండు ధరలో సగం కూడా కాలేదు! డబ్బు లెక్కలో టర్కీయే నెగ్గింది.

అసలు ఇంత డబ్బు ఒళ్ళు తగ్గడానికి తగలేయడం న్యాయమా అని మీలో కొందరికి అనిపిస్తూ వుండొచ్చు. "రోజూ నాలుగు అడుగులు నడిచి, కాస్త నోరు కట్టుకుంటే పోయేదానికి..." అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ వుంటారు. ఆ మాట గుండెకి బైపాస్ చేయించుకున్న మావగారితో అంటామా? ఆయన కూడా నడవలేదు, నోరు కట్టుకోలేదు. ఆయనకి మాత్రం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళి పరామర్శించి వస్తాం! స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగువేల మంది లావుపాటి మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువని 2007లో తేల్చారు. కాబట్టి దీన్ని అందచందాల సరదా అనడం అన్యాయం. జబ్బుకి వైద్యం అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కానీ వైద్యం అంటే కోత ఒక్కటే కాదు గదా. ఇంగ్లండులో ఈ ఆపరేషను చేసినవాళ్ళు కనీసం రెండేళ్ళు రోగిని కనిపెట్టి వుండాలని నియమం పెట్టుకున్నారు. ఆ తరవాత కూడా ఏటా పరీక్షలు. టర్కీ ప్యాకేజీలో వున్నది వారం రోజులు. మూసిన కుట్ల దగ్గిర ఎక్కడైనా కారితే అది ఇంటికొచ్చాక కూడా బయటపడొచ్చు. జ్వరం, గుండెదడ, కడుపునొప్పి మొదలయ్యేసరికి కోసిన డాక్టరు మరో దేశంలో వుంటాడు. టర్కీకి వెళ్ళి ఈ ఆపరేషను చేయించుకున్న బ్రిటన్‌వాళ్ళలో ఏడుగురు చనిపోయారని 2023లో బీబీసీ బయటపెట్టింది. అక్కడ మంచి డాక్టర్లు లేక కాదు. వేలమంది వెళ్ళి సుఖంగానే తిరిగొస్తున్నారు. ఏదైనా వికటిస్తే ప్రాణం నిలబెట్టేది మళ్ళీ సొంత దేశపు సర్కారు ఆస్పత్రే. "వాళ్ళు చవక చూసుకుని వెళితే భారం మా మీదా?" అని పన్ను కట్టేవాళ్ళ సణుగుడు. క్యూలో ఏళ్ళు నిలబెట్టిందెవరని వెళ్ళినవాళ్ళ ప్రశ్న. రెండింట్లోనూ న్యాయం లేకపోలేదు.

పోనీ డబ్బే అక్కర్లేదనుకోండి. అప్పుడు మొత్తం ఖర్చు సున్నా అవుతుందా? 2017లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నించి ముంబయి వచ్చిన ఇమాన్ అహ్మద్ మీకు గుర్తుండేవుంటుంది. బరువు దాదాపు 500 కిలోలని పత్రికలు రాశాయి. ఏళ్ళ తరబడి ఇల్లు కదలని మనిషిని క్రేనుతో కిందికి దించి, ప్రత్యేక విమానంలో తెచ్చారు. మార్చిలో ఆపరేషను చేశారు. ఫీజు పుచ్చుకోలేదు, చందాలు పోగుచేశారు. తెలియని దేశంలో, తెలియని భాష మధ్య, వెంట వచ్చింది తోడబుట్టిన మనిషి. చివరికి ఆవిడకీ డాక్టర్లకీ మాటా మాటా పెరిగి టీవీలకెక్కింది. మేలో ఇమాన్‌ని అబూధాబీకి తరలించారు. సెప్టెంబరులో అక్కడే కన్నుమూసింది. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్లనని అక్కడి ఆస్పత్రి చెప్పింది. ఎవరిది తప్పని తీర్పు చెప్పడానికి నేనీ సంగతి ఎత్తలేదు. ఆపరేషనుని దానంగా ఇవ్వొచ్చు. దాని తరవాతి నెలల్ని మాత్రం ఎవరో ఒకరు పక్కనే కూచుని, నమ్మకంతో గడపాలి. ఆ నమ్మకం చెడితే దాన్ని ఏ చందాతోనూ కొనలేం.

అందుకే మా అమ్మాయిని ఒక్కటే అడిగాను. "ఆస్పత్రిలో చేరేముందు ఒక ఫారం నింపిస్తారు. అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలి అని ఒక గడి వుంటుంది. అందులో ఎవరి పేరు రాస్తావు?"

చాలాసేపు మాట్లాడలేదు. ఇస్తాంబుల్ చూడ్డానికి ఆఫీసు స్నేహితులతో వెడుతున్నానని భర్తకి చెప్పిందిట. అత్తగారికీ, అమ్మకీ అదే చెప్పదల్చుకుంది. తీరా స్నేహితులూ లేరు, ఒక్కతే వెడుతోంది.

"ఎందుకే అంత గుట్టు?" అంటే, "చెబితే ఏమంటారో నాకు తెలుసు పిన్నీ. పెళ్ళిచూపుల నాటి నించీ వింటూనే వున్నాను. తగ్గకపోతే తగ్గలేదంటారు. తగ్గితే, కోయించుకుంది గదా, అందులో గొప్పేముంది అంటారు" అంది.

ఆ ఒక్కమాటకి నా దగ్గిర జవాబు లేకపోయింది. మనం చేసే పని అదేగా! పెళ్ళిలో కనబడగానే "బాగా ఒళ్ళు చేశావే!" అంటాం. అది కుశలప్రశ్న అనుకుంటాం. రెండోసారి అన్నం పెట్టించుకుంటే కంచం వంక చూస్తాం. ఆమెని నోరు కట్టుకోమని చెప్పే మనం మన నోరు మాత్రం కట్టుకోం. దాని ఫలితం ఆ పిల్ల ఒంటరిగా విమానం ఎక్కడం. దొంగతనంగా వెళ్ళినామె తిరిగొచ్చాక గ్లాసుడు నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ అందరి ముందూ "ఏం లేదు, కడుపులో బాగా లేదు" అని నటించాలి. జ్వరమొస్తే డాక్టరు దగ్గిరికి వెళ్ళడానికి కూడా వెనకాడుతుంది. ఆ వెనకాడే ఒక్కరోజే ప్రాణం మీదికి తేవచ్చు. మొత్తం ఖర్చులో ఇదే అన్నిటికన్నా పెద్ద పద్దు. ఏ ఆస్పత్రి బిల్లులోనూ వుండదు. అది మోపింది మనం, కట్టేది ఆమె.

టర్కీ వెళ్ళమనీ చెప్పలేదు, మాననీ చెప్పలేదు. ఆ గడిలో పేరు రాయగలిగితేనే టిక్కెట్టు కొనమన్నాను. మొన్న ఆదివారం భర్తకి చెప్పిందిట. అతను చాలాసేపు ఊరుకుని, డబ్బు మాటెత్తకుండా, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాట్ట. ఆనక ఇద్దరూ కూచుని, తిరిగొచ్చాక రక్తపరీక్షలు ఎవరు చేస్తారో తమ డాక్టరుని ముందే అడగాలని రాసుకున్నారు. వెళ్ళేదీ, క్యూలోనే వుండేదీ ఇంకా తేల్చుకోలేదు.

వాళ్ళమ్మ ఈ పత్రిక చదువుతుంది. అందుకని పేరు రాయలేదు. ఆ తల్లికి కూతురు చెప్పేరోజు త్వరలోనే వస్తుంది. అప్పుడు ఆవిడ అడగబోయే మొదటి ప్రశ్న "ఎంతయింది?" అనేది కాకుండా "నీ దగ్గిర ఎవరున్నారు?" అనేదయితే బాగుండును. మన ఇంట్లో పిల్ల చెప్పినా, మనమూ అంతే అడిగితే చాలు.