గోపీచంద్ మోకాలు, సాత్విక్ భుజం

1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా బ్యాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ మోకాలు దెబ్బతింది. అయినా సింగిల్స్‌లో నిలదొక్కుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఆ తర్వాత కోచ్‌గా మారారు. ఆ మలుపు మన పిల్లలకు ఎంత మేలు చేసిందో!

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ హైదరాబాద్‌లోని ఆయన అకాడమీలోనే రాటుదేలాడు. అందరి కళ్లూ సింగిల్స్ మీదుంటే, అతను డబుల్స్ ఎంచుకున్నాడు.

2019 ఆగస్టులో చిరాగ్ శెట్టితో కలిసి థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచాడో లేదో, భుజం మొరాయించింది. బాసెల్‌లో ప్రపంచ పోటీలకు ఆ జోడీ దూరమైంది. గాల్లోకి లేచి చెయ్యి వెనక్కి లాగి కొట్టే స్మాష్‌లో భారం పడేది భుజం మీదే మరి.

ఆ భుజం కోలుకున్నాక, 2023లో అతని స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది. అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం, వెంటనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు!