దేహమును మరచుటకు దారి

గడచిన కార్తికమాసమున ఒక ఏకాదశినాడు, సాయంకాలపు హారతి ముగిసిన పిమ్మట, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నన్నొక ప్రశ్న యడిగెను. ఆయనకు అరువదినాలుగేండ్లు. "స్వామీజీ, మా పెద్దవాడు దినదినము నన్ను వ్యాహ్యాళికి పొమ్మని పోరుచున్నాడు. వైద్యుడును అదే మాట. ఎందులకండీ యిదంతయు? నేడో రేపో ఖాళీచేయవలసిన కొంపకు ఇప్పుడు సున్నము వేయించుటయా? దేహాత్మబుద్ధిని వదలుకొనవలసిన వయస్సున దేహపోషణము బంధము గాక మరేమి?"

మాట వినుటకు ఇంపుగనే యున్నది. చుట్టునున్న నలుగురును తలలూచిరి. అంతలో ఆయన లేవబోయెను. లేవలేకపోయెను. ఇద్దరు యువకులు చెరియొక చేయి పట్టి లేపిరి; వేరొకరు చేతికఱ్ఱ నందించిరి; ఇంకొకరు పాదరక్షలు తెచ్చి ముందుంచిరి. వదలుకొనవలసిన ఆ దేహము చుట్టును క్షణకాలము నలుగురు మనుష్యులు తిరుగుచుండిరి.

నేనాయనకు అప్పుడు సమాధానము చెప్పలేదు. చెప్పుటకు నాకు యోగ్యతయు లేకుండెను. నాకిప్పుడు నలువదియేడేండ్లు. గ్రంథములను తెనిగించుట నాకు అప్పగింపబడిన సేవ. ఉదయము మొదలు రాత్రివరకు బల్లముందు కూర్చుండుటయే నా పని. రెండేండ్ల క్రిందట మోకాలు నొప్పి ప్రారంభమైనది. "ప్రారబ్ధము, ఓర్చుకొందము" అని నాకు నేను చెప్పుకొంటిని. కొంత గర్వముగ కూడ చెప్పుకొంటిని. కాని జపమునకు కూర్చున్నప్పుడు ఒక గంటలో నాకు మంత్రము ఎన్నిమారులు జ్ఞప్తికి వచ్చెనో, మోకాలు అంతకంటె నెక్కువగ జ్ఞప్తికి వచ్చుచుండెను. పరీక్షించిన వైద్యుడు, కీలు అరుగలేదనియు, దానిని మోయవలసిన తొడకండరములే పని లేక క్షీణించినవనియు చెప్పెను. నేను ఓర్పు అని పిలిచినది సోమరితనమని అప్పుడు తెలిసినది.

కావున ఉపాధ్యాయుని ప్రశ్నను నేనిట్లు మార్చి వేసికొంటిని: దేహమును ఉపేక్షించుటయు, దేహమును మరచుటయు ఒక్కటేనా?

గీత ఆరవ అధ్యాయమున భగవానుడు యోగికి ఆహారము, విహారము, చేష్టలు, నిద్ర, మెలకువ అన్నియు మితముగ నుండవలెనని చెప్పెను. ఆ శ్లోకమును తెనిగించునపుడు 'విహారము' అను పదమును నేను 'వినోదము' అను అర్థమున వ్రాసి ముందునకు సాగిపోతిని. పిమ్మట శంకరభగవత్పాదుల భాష్యమును సరిచూడగా, వారు దానికి 'పాదక్రమము' అని యర్థము చెప్పియుండిరి. పాదక్రమమనగా అడుగు వెంబడి అడుగు వేయుట, నడక. ధ్యానయోగమును బోధించు అధ్యాయమున, అద్వైతాచార్యుని భాష్యమున, అన్నము ప్రక్కనే నడక నిలిచియున్నది. నా తప్పును దిద్దుకొంటిని. దిద్దుకొని మరల కుర్చీలోనే కూర్చుంటిననుట వేరు సంగతి.

మన పూర్వులు వార్ధక్యమును ఎట్లు భావించిరో ఆశ్రమవ్యవస్థను చూచిన తెలియగలదు. ముడుతలును నెరపును కనబడి, మనుమడు పుట్టిన పిమ్మట గృహస్థుడు వానప్రస్థుడు కావలెనని మనుధర్మశాస్త్రము. వానప్రస్థుడు అరుగుమీద కూర్చుండి కోడలిని మంచినీళ్లు తెమ్మనువాడు కాడు. కందమూలములు త్రవ్వుకొనవలెను, సమిధలు ఏరుకొనవలెను, నీరు తెచ్చుకొనవలెను. గృహస్థుడుగ నున్నప్పుడు సేవకులు చేసిన పనులను ఇప్పుడు తానే చేయవలెను. ఆ పైని సన్న్యాసికి వర్షర్తువున దక్క ఒకచోట నిలుకడ లేదు. పరివ్రాజకుడను పేరే తిరుగుచుండువాడని చెప్పుచున్నది. వైరాగ్యము ముదిరినకొలది కాలికి పని పెరుగునట్లు వారేర్పరచిరి. నేటికిని ఆషాఢపూర్ణిమ సందర్భమున సింహాచలమున గిరిప్రదక్షిణము చేయువారు సుమారు 32 కిలోమీటర్లు నడతురు. వారిలో తల నెరసిన అవ్వలెందరో! ఆ నడకను దేహపోషణమని ఎవ్వరును అనరు.

ఐనను శాస్త్రమంతయు ఒక్క కంఠముతో మాటలాడుచున్నదని చెప్పిన అసత్యమగును. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును ప్రశంసించుచునే బాలురును వృద్ధులును దానిని మానవలెనని చెప్పెను. మన ఉపాధ్యాయునికి ఇది దొరికియున్నచో సంతసించియుండును. కాని వైద్యగ్రంథములే, బలవంతుడైనను తన బలములో సగము మేరకే శ్రమింపవలెనని కొలత పెట్టినవి. సుశ్రుతుడు వయస్సు, బలము, దేశకాలములు, ఆహారము చూచుకొని వ్యాయామము చేయుమనెను. దేహమును మిక్కిలి పీడింపని నడక ఆయుర్బలములను, మేధను, జఠరాగ్నిని వృద్ధిచేయుననెను. కుమారసంభవము ఐదవ సర్గమున శరీరమే ధర్మసాధనములలో మొదటిదను మాట కలదు. అది నేడు పాఠశాలల గోడలమీద కూడ కానవచ్చును. ఆ మాట ఏ సందర్భమున వచ్చినదో మనము మరచితిమి. బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు తపస్సు చేయుచున్న పార్వతిని కుశలమడుగుచు, నీ శక్తికి తగినట్లుగనే తపస్సు చేయుచున్నావా యని ప్రశ్నించి ఆ మాట చెప్పెను. అది కండలు పెంచుకొమ్మను ఉపదేశము కాదు. కొలతను గూర్చిన ప్రశ్న.

వృద్ధులకు శ్రమ తగదన్న విషయమున మాత్రము నేటి విజ్ఞానము వాగ్భటునితో ఏకీభవింపదు. 1953లో జెరెమీ మోరిస్ అను ఆంగ్లేయవైద్యుడును ఆయన సహచరులును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి తాము కనుగొనినదానిని ప్రకటించిరి. ఒకే బస్సు, ఒకే వీధి; డ్రైవరు దినమంతయు కూర్చుండును, కండక్టరు మెట్లెక్కుచు దిగుచు నుండును. కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగ నుండెను. మోరిస్ తొంబదితొమ్మిదేండ్లు జీవించి 2009లో మరణించెను. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరమునుండి వచ్చిన వార్త ఇంకను ఆశ్చర్యకరము. అచట ఒక వృద్ధాశ్రమమున, తొంబదియేండ్ల ప్రాయమువారు, దుర్బలులు, పదిమందిచేత ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించిరి. తుదివరకు సాగించిన తొమ్మండుగురిలో కాళ్ల బలము సగటున నూటికి 174 వంతులు పెరిగెను. తొంబదవయేటను కండరము పిలిచిన పలుకుచున్నదన్నమాట! దీనికి మరియొక వైపును కలదు. 2007లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, ఆరోగ్యవంతులైన వృద్ధులను పది దినములు మంచముపైననే యుంచగా, కాళ్లలోని కండ సుమారు ఒక కిలోగ్రాము తరిగిపోయెను. పదిదినములే.

వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు మితమైన శ్రమ పెద్దలకవసరమనియు, అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను పట్టు తప్పి పడకుండ నిలుచుటకును, బలమునకును తగిన అభ్యాసములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. వృద్ధుడు తూలిపడి తుంటియెముక విరుగుట యెట్టిదో ఇంటిలో చూచినవారికి ఈ సూచన చిన్నదిగ తోపదు.

ఇచట ఒక ధర్మసందేహము కలుగుచున్నది. ఇది వృద్ధులను గూర్చినది కాదు, వారి బిడ్డలను గూర్చినది. మన యిండ్లలో తల్లి చేతిలోని చీపురును లాగికొనుట గౌరవము. తండ్రి సంచి పట్టుకొని అంగడికి పోయినచో కొడుకునకు నామర్దా. "మీకేల యీ శ్రమ, కూర్చుండుడు" అనుట ప్రేమ. ఈ ప్రేమలో కపటము లేదు. కాని పది దినములకు ఒక కిలోగ్రాము కండ కరగునని తెలిసిన తరువాత, పదియేండ్లు కూర్చుండబెట్టుటను సేవయందుమా? మొక్కకు నీరు పోయుట, బియ్యము ఏరుట, పూలు కోయుట, మనుమని బడికి నడిపించుకొనిపోవుట, ఇవి యొక్కొక్కటిగ తీసివేయబడిన పిమ్మట ఆ పెద్దమనిషికి మిగులునది తన దేహమొక్కటే. ఇంక దానిని గూర్చియే ఆలోచించును. దానిని గూర్చియే మాటలాడును. దేహాభిమానమును మనమే ఆయన చేతికిచ్చి, ఆయనకు దేహాభిమానము పోలేదని నొచ్చుకొందుము.

ఈ మాటలు అందరికిని వర్తింపవు. నలువదియేండ్లు బురదలో వంగి వరినాట్లు వేసి నడుము వంగిపోయిన కూలిస్త్రీతో వ్యాయామమును గూర్చి చెప్పుట పరిహాసమగును. ఆమెకు కావలసినది విశ్రాంతి, కడుపునిండ భోజనము, నొప్పికి చికిత్స. కూర్చుండి తినగలవారి వ్యాధికి చెప్పిన మందును ఆమె కీయరాదు.

రెండవవైపు గోతిని కూడ చూపవలెను. నేడు కొందరు మణికట్టునకు యంత్రము కట్టుకొని దినమునకు పదివేల అడుగులు లెక్కించుకొనుచున్నారు. పదివేలకు నూరు తక్కువైన రాత్రి నిద్రపట్టనివారిని నేనెరుగుదును. ప్రొద్దున ఉద్యానవనమున ఐదు చుట్లు తిరిగి, ఇంటికి వచ్చి, మంచినీళ్ల చెంబును భార్యచేత తెప్పించుకొనువారిని కూడ ఎరుగుదును. అట్టి నడక దేహమును పూజించుటకు మరియొక విధానము. ఉపాధ్యాయుడు భయపడినది దీనికే యైనచో ఆయన భయము సత్యమే.

ఈ రెంటికిని చిక్కని యొక జీవితమును చెప్పెదను. వినోబా భావే 1895లో జన్మించెను. దేహము మొదటినుండియు దుర్బలము. 1938 నాటికి ఆయన బరువు సుమారు 88 పౌనులకు దిగిపోగా, గాంధీజీ ఆందోళనపడి ఏదైన చల్లని ప్రదేశమునకు పొమ్మనెను. వినోబా కొండలకు పోక సమీపముననే ధాం నది యొడ్డునగల పవనార్‌కు పోయెను. నది దాటుచు ఆశ్రమవ్యవహారముల చింతనంతటిని మనస్సునుండి విడిచిపెట్టెను. అచట ఆయన చేసిన చికిత్స పొలము త్రవ్వుట. మొదట దినమునకు కొద్ది నిమిషములు మాత్రమే. పిమ్మట కొంచెము కొంచెముగ పెంచెను. కొన్ని మాసములలో బరువు నలువది పౌనులు పెరిగెను. విడుచుటయు త్రవ్వుటయు ఒకేసారి జరిగెనని గమనింపవలెను. మనస్సుమీది బరువు దిగినది, దేహముమీదికి పని వచ్చినది. మనము సాధారణముగ దీనికి విపరీతముగ చేయుదుము.

పదుమూడేండ్లు గడచినవి. 1951లో, ఏబదియైదవయేట, సర్వోదయ సమ్మేళనమునకై ఆయన హైదరాబాదు సమీపమునగల శివరాంపల్లికి నడచియే వచ్చెను. అటుపిమ్మట తెలంగాణమున తిరుగుచు ఏప్రిల్ 18న నల్లగొండ మండలము పోచంపల్లిలో మొదటి భూదానమును స్వీకరించెను. 1964వరకు ఆ నడక సాగెను. అప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు. కడుపులో పుండు ఆయనను ఎన్నడును పూర్తిగ విడువలేదు. ఆ పదయాత్రను ఎవ్వరును ఆరోగ్యసాధనమని పిలువలేదు, ఆయనయు పిలువలేదు. భూమి లేనివానికి భూమి ఇప్పించుటకు కాళ్లు కావలసియుండెను, కాళ్లను వాడుకొనెను. ఒకసారి బిహారులోని చాండిల్‌లో తీవ్రమైన మలేరియా వచ్చినప్పుడు మందు తీసికొననని పట్టుపట్టి, చివరకు పలువురి ప్రార్థనను మన్నించి తీసికొనెను. పని ఇంకను మిగిలియుండెను.

1982 నవంబరులో, ఎనుబదియేడవయేట, పవనార్‌లోనే హృద్రోగము వచ్చిన పిమ్మట, ఆయన ఆహారమును మందును రెంటిని విడిచి 15వ తేదీన దేహమును చాలించెను. ఆ తుదినిర్ణయము అందరికిని అనుసరణీయమని నేననను. దానిని గూర్చి నాడును అభిప్రాయభేదములు కలిగెను. నేను చూచుచున్నది వేరొకటి. ఐదు నిమిషముల త్రవ్వకమును పదినిమిషములుగ పెంచుకొనిన ఓపికయు, చివరకు ఆ దేహమును విడిచిన నిబ్బరమును ఒక్క మనుష్యునివే. దేహమును సాకినవాడు దానిని విడువలేడనుట ఈ జీవితమునందు నిజము కాలేదు.

పుష్యమాసపు ఏకాదశికి ఉపాధ్యాయుడు మరల వచ్చినప్పుడు నేనిదంతయు ఆయనకు చెప్పితిని. నా మోకాలి సంగతి కూడ దాచలేదు. వైద్యుడు చెప్పినట్లు కుర్చీనుండి చేతుల ఊతము లేక లేచి కూర్చుండుటను దినమునకు ఇన్నిమారులని నేనిప్పుడు చేయుచున్నాననియు, తోటలోని బావినుండి నాలుగు చేదల నీరు తోడుచున్నాననియు చెప్పగా ఆయన నవ్వెను. నొప్పి పూర్తిగ పోయినదా యని యడిగెను. పోలేదంటిని, జపమున మాత్రము దాని పిలుపు తగ్గినదంటిని.

ఆయన కొంతసేపు మౌనముగ నుండి, తులసికోటకు నీరు తానే తెచ్చి పోయవలెనని వారము దినములనుండి యత్నించుచున్నాననెను. "కాని మా కోడలు బిందె చేతికీయదండీ. 'మామయ్యగారూ, నలుగురు చూచిన నన్నేమనుకొందురు?' అని బిందె దాచిపెట్టును. చిన్న చెంబైనను ఇమ్మంటిని. ఇంకను ఈయలేదు."

ఈసారి ఆమెను కూడ తీసికొనిరమ్మని చెప్పితిని.