చెరపట్టిన దేశమునకే తిరిగి వెళ్లిన దాసుడు

ధ్యానభాగము: ఆదికాండము 50:15-21



యోసేపు తన్ను అమ్మివేసిన అన్నలను ఆదరించిన సంగతి మనమందరము ఎరిగినదే. అటువంటి మరియొక దాసుని చరిత్రను ఈ మాసము ధ్యానింతము. ఆయన ఐర్లండు దేశములో సువార్త ప్రకటించిన పాట్రిక్ భక్తుడు. ఆయన ఆ దేశమునుండి పాములను వెళ్లగొట్టెనని జనులు చెప్పుకొందురు గాని, ఆయన వ్రాసిన రెండు పత్రికలలో ఆ మాట కానరాదు. అంతకంటె గొప్ప సంగతి వాటిలో నున్నది.

క్రీస్తు శకము 5వ శతాబ్దములో ఐర్లండును అనేకులైన చిన్న రాజులు ఏలుచుండిరి. ఆ జనులకు పశువులే ధనము. వారి ప్రాచీన ధర్మశాస్త్రములలో వెల కట్టుటకు ‘కుమల్’ అను మాట వాడిరి. దాని అర్థము దాసి. ఒక కుమల్ సాధారణముగా మూడు పాడియావుల వెల. మనుష్యులను ఆవులతో సరితూచిన కాలమది.

పాట్రిక్ బ్రిటనులో పుట్టెను. తండ్రి డీకను, తాత పాదిరి. అయినను బాల్యములో తాను సత్యదేవుని ఎరుగనని ఆయనే ఒప్పుకొనెను. సుమారు 16 ఏండ్ల ప్రాయమున ఐర్లండు దోపిడిగాండ్రు ఆయనను చెరపట్టుకొని పోయిరి. ఆరు సంవత్సరములు మందను కాచెను. మంచులోను వానలోను తెల్లవారకమునుపే లేచి, పగలు నూరు ప్రార్థనలు, రాత్రి ఇంచుమించు అన్నియే చేసెను. పాదిరి ఇంట దొరకని దేవుడు పరదేశపు మేతబీడులో దొరికెను!

తరువాత ఆయన తప్పించుకొని, సుమారు 200 మైళ్లు పోయి ఓడ నెక్కి, కొంతకాలమునకు ఇల్లు చేరెను. ఇక ఎక్కడికిని వెళ్లవద్దని ఇంటివారు బ్రతిమాలిరి. అయితే ఒక రాత్రి దర్శనములో ఐర్లండు జనులు తన్ను మరల రమ్మని పిలుచుట వినెను. ఆ పిలుపు ఆయన హృదయమును చీల్చెను. తన యౌవనమును దోచుకొన్న జనులయొద్దకే వెళ్లి, వేలమందికి బాప్తిస్మమిచ్చెను.

ఇంతటితో ముగియలేదు. కొరోటికస్ అను నాయకుని సైనికులు, బాప్తిస్మము పొందిన మరునాడే, ఇంకను తెల్లని వస్త్రములతోనున్న విశ్వాసులమీద పడి, కొందరిని చంపి, కొందరిని దాసులుగా పట్టుకొనిపోయిరి. వారిని విడిపింపుమని పాట్రిక్ ఒక పాదిరిచేత ఉత్తరము పంపగా సైనికులు పరిహసించిరి. అప్పుడాయన బహిరంగముగా మరియొక పత్రిక వ్రాసెను. వారు పశ్చాత్తాపపడి, చెరలోనివారిని విడుచువరకు విశ్వాసులెవరును వారితో అన్నపానములు పుచ్చుకొనరాదని గద్దించెను.

చూచితిరా ప్రియులారా! తన్ను బాధించినవారిని క్షమించిన ఆయనే, తన మందను బాధించినవారి యెదుట మౌనముగా నుండలేదు. మనమో, తరచుగా దీనికి వ్యతిరేకముగా నడుచుచున్నాము. పొలముగట్టు తగవును ఏండ్ల తరబడి మనసులో నుంచుకొని, పొరుగువాని గడప త్రొక్కకయే ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నాము. అయితే పేదవాని కూలి ఎగవేయబడినప్పుడు, అప్పుక్రింద పసివాడు పాలేరుగా పెట్టబడినప్పుడు, బాధపడినవానికే ఓర్పు బోధించి ఊరకుందుము. ఇది క్షమాపణ కాదు, పిరికితనము.

ఈ మాసము మనలో ప్రతివాడును రెండు గడపలు త్రొక్కుదము. ఒకటి మనకు కీడు చేసినవాని గడప, సమాధానపడుటకు. రెండవది అన్యాయము పొందినవాని గడప, వాని పక్షమున నిలుచుటకు. ప్రభువు మనకట్టి హృదయమును, ధైర్యమును అనుగ్రహించునుగాక. ఆమేన్.