పరదేశి వండిన యన్నము

వెల యిచ్చి తినిన యన్నమునకు ఋణము మిగులునా? ఈ ప్రశ్నము చూచుటకు చిన్నది. అంగడిలో వస్త్రము కొన్నవాడు నేతగానికి ఋణపడడు గదా, హోటలులో భుజించినవాడు వంటవానికి ఏల ఋణపడవలెనని లోకము అడుగును. కాని ఓరుగంటినుండి ఖమ్మమునకు పోవు త్రోవలోని మా మరిపెడవంటి యూళ్లనుండి సైతము నేడు యువకులు చదువులకై అమెరికాకు పోవుచున్నారు. అచ్చట నానాదేశములవారు వండినది తినుచున్నారు. ఇంటనున్న పెద్దలు "పిల్లవాడు ఎవరి చేతి కూడు తినుచున్నాడో" యని లోలోన కుందుచున్నారు. కావున ఈ ప్రశ్నము మన వంటయిండ్ల గడపలోనికే వచ్చినది. దీనిని విచారింపక తప్పదు.

ఒక దృష్టాంతమును గైకొందము. అమెరికా రాజధానియగు వాషింగ్టనునకు చేరువను, వర్జీనియా రాష్ట్రమున, ఫాల్స్ చర్చి యను చిన్న పట్టణము కలదు. అందు ఈడెన్ సెంటర్ అను వియత్నామువారి బజారున్నది. 1975 ఏప్రిలు 30వ తేదీన సైగాను పడిపోయిన పిమ్మట దేశము విడిచి వచ్చినవారు తొలుత పొరుగుననున్న ఆర్లింగ్టనులోని క్లారెండను పేటలో అంగళ్లు పెట్టుకొనిరి. అచ్చట రైలుమార్గమునకై నేల త్రవ్వుచుండుటచే అద్దెలు తక్కువగ నుండెను. 1979లో రైలు వచ్చెను, అద్దెలు పెరిగెను, వారు మరల మూటలు కట్టుకొనిరి. 1984లో ఈడెన్ సెంటర్ ఏర్పడెను. నేడందు నూటికి పైగా అంగళ్లున్నవి. మూడు ఎఱ్ఱని చారలుగల పసుపుపచ్చని జెండా యొకటి అచ్చట ఎగురుచుండును. అది దక్షిణ వియత్నాము జెండా. ఆ రాజ్యము భూమిమీద ఇప్పుడు లేదు.

ఆ బజారులోని హోటళ్లలో పేరెన్నిక గన్నది 'ఫొ' యను వంటకము. ఎముకలను గంటలకొలది సన్నని సెగను కాచి, కాల్చిన అల్లమును, ఉల్లిగడ్డను, దాల్చినచెక్కను, అనాసపువ్వును చేర్చి తీసిన చారులో బియ్యపుపిండి నూడుల్సును వేసి, పచ్చియాకులు, మిరపకాయ, నిమ్మబద్ద ప్రక్కను పెట్టి యిత్తురు. ఉత్తర వియత్నామున ఇరువదవ శతాబ్ది ఆదిని పుట్టిన యీ వంటకము, 1954లో దేశము రెండు ముక్కలైనపుడు లక్షలాది జనముతో దక్షిణమునకు దిగినది. 1975 తరువాత వారితోడనే సముద్రములు దాటినది. ఆ గిన్నెడు చారులో రెండు వలసలున్నవి. తినువాడు ఎఱుగకున్నను వండువాడు ఎఱుగును.

ఆ అనాసపువ్వు మనకు క్రొత్తది కాదు. మన పెండ్లి విందులలో బిర్యానీకి పరిమళమిచ్చు అనాసపువ్వులో హెచ్చుభాగము వియత్నామునుండి వచ్చునదే. మా ప్రాంతపు తేజ రకపు ఎండుమిర్చి ఖమ్మము మార్కెటునుండి తూర్పు దేశములకు పోవుచున్నది. సరుకు రాకపోకలకు లేని అంటు మనుష్యుని చేతికి మాత్రము ఎక్కడనుండి వచ్చినది?

ఇచ్చట శాస్త్రము చదివిన పెద్దలు ఒక ఆక్షేపణ తెత్తురు. వండిన యన్నమును అమ్ముటను మన ధర్మశాస్త్రము బ్రాహ్మణునకు నిషేధించినది; అమ్మిన యన్నము దానము కాదు, దానము కానిచోట ఋణమును లేదు అని వారి వాదము. ఆ నిషేధము ఉన్నమాట నిజమే. కాని మన జీవనము దానికి ఏనాడును పూర్తిగ లొంగలేదు. మన ఓరుగంటి వీధులను కన్నులకు గట్టిన 'క్రీడాభిరామము'లో ఒక్క రూకకు పూటకూటియింట దొరకు కమ్మని భోజనము వర్ణింపబడినది. 1897లో అచ్చయిన గురజాడవారి 'కన్యాశుల్క'మున పూటకూళ్లమ్మ యున్నది. ఆమె దిక్కులేని వితంతువు. ఎవరు అన్నమును అమ్ముకొనిరో ఇచ్చట గమనింపవలెను. మగదిక్కు లేని స్త్రీకిని, తన భాష చెల్లని దేశమున పడిన పరదేశికిని మిగులు విద్య యొక్కటే: చిన్ననాడు తల్లి ప్రక్కన కూర్చుండి నేర్చిన వంట. దానిని అమ్ముకొనుట దురాశ కాదు. చేయి చాపకుండ నిలుచుటకు చేసిన ప్రయత్నము. మన తెలుగువారే 1960 ప్రాంతముల బర్మానుండి చేతులూపుకొనుచు వచ్చినపుడు విశాఖపట్టణపు బర్మాక్యాంపులో ఆ దేశపు వంటకములను అమ్ముకొని బ్రదికిరి. కావున ఈ కథ పరుల కథ కాదు.

ఇక భుజించువారి సంగతి. కొందఱు ఆ బజారు గుమ్మములోనే ముక్కు మూసుకొందురు. వీరిలో నియమము గలవారిని మేము తప్పుపట్టము. మాంసము తినని కుటుంబపు బిడ్డ ఆ చారు త్రాగనక్కఱలేదు. వియత్నాము బౌద్ధులలోనే పలువురు చాంద్రమాసపు మొదటి దినమునను, పదునైదవ దినమునను మాంసము మానుదురు. వారి హోటళ్లలో శాకభోజనమును అడిగిన నవ్వరు. నియమము "నాకిది వలదు" అని చెప్పి ఊరకుండును. అసహ్యము "నీవు ఇట్టివాడవు" అనును. ఈ రెంటిని కలిపివేయుటయే మన యిండ్లలో తఱచుగ జరుగు పొరపాటు. పచ్చికూర మాత్రమే తినుచు ఎదుటివానిని గౌరవింపవచ్చును; సర్వము భక్షించుచు అవమానింపవచ్చును.

మఱికొందఱు పది దేశముల వంటలు రుచి చూచితిమని చెప్పుకొని, అదియే ఉదారత యనుకొందురు. వీరికి వంటకము పేరు తెలియును; వండినవాని పేరు తెలియదు. పైగా పరదేశివంట అగ్గువగ నుండవలెనని వీరి పట్టుదల. తెల్లవాని హోటలులో మాటాడక చెల్లించు సొమ్మునకు ఇచ్చట గొణుగుదురు. నాలుక దేశములు తిరిగిన మాత్రమున మనసు ఇల్లు కదలినదని చెప్పలేము.

అట్లయిన ఋణమేది? వెల దినుసులకును శ్రమకును చెల్లినది. చెల్లనిది నమ్మకము. ముక్కు మొగ మెఱుగని వాని చేతినుండి గైకొన్నదానిని మనము మన దేహములో చేర్చుకొనుచున్నాము. అతడు తన తల్లి చేతిరుచిని మన ముందర పెట్టుచున్నాడు. దీనికి రసీదు లేదు. దీనిని అతనికే తిరిగి యిచ్చుటయు సాధ్యము కాదు. మఱియొక పరదేశికి ఇచ్చినపుడే యిది తీరును. అన్నమును నిందింపరాదనియు, ఆశ్రయము కోరి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనియు తైత్తిరీయోపనిషత్తు ఒకేచోట వ్రతములుగ విధించుటలో మాకీ భావమే తోచుచున్నది.

కావున పరీక్ష ఫాల్స్ చర్చిలో లేదు. మన యూళ్లలో ఉన్నది. మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 15వ అధికరణము హోటళ్ల తలుపులను అందఱికిని తెఱచినది. అయినను తెలుగు పల్లెలలోని టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతను చాలకాలము సాగినది. నేడు మన రైసుమిల్లులలో బీహారునుండి వచ్చినవారు బస్తాలు మోయుచున్నారు. ఇటుకబట్టీలలో ఒడిశా కుటుంబములు పనిచేయుచున్నవి. మరిపెడ చుట్టును లంబాడీ తండాలున్నవి. వర్జీనియాలో పరదేశి ప్రక్కను కూర్చుండి తిని వచ్చిన యువకుడు, సెలవులకు ఇంటికి వచ్చి, తండాలోని సహాధ్యాయి యింట ఒక జొన్నరొట్టె తినుటకు వెనుదీసిన, అతడు అచ్చట నేర్చినదేమి?

"అచ్చట గత్యంతరము లేక తినుచున్నాడు, ఇచ్చట ఏమి అవసరము?" అని తల్లిదండ్రులు అనవచ్చును. అవసరము మనది కాకపోవచ్చును, ఎదుటివానిది. మన బిడ్డకు అచ్చట ఒకరి పంక్తిలో చోటు దొరకినపుడు సంతసించిన మనము, ఇచ్చట ఒకరి బిడ్డకు చోటు నిరాకరించుట న్యాయము కాదు. చేయవలసినది కష్టమైనదియు కాదు. రాబోవు పండుగనాడు మన యింట బస్తా దింపిన పరరాష్ట్రపువానిని అరుగుమీద విస్తరి వేసి పంపివేయక, లోపలికి పిలిచి, ఇంటివారితో ఒకే వరుసను కూర్చుండబెట్టి, మీ దేశమున ఈనాడు ఏమి వండుకొందురని అడుగుదము.