కొట్టు సామాను గురించి మనవరాలికి



మీ కాలేజీ సినిమాకి 1955 నాటి గోదావరి జిల్లా కిరాణా కొట్టు సెట్టు వేస్తున్నారని, సామానంతా నువ్వే చూసుకుంటున్నావని రాశావు. ఫొటోలు చూశాను. చాలా కష్టపడ్డారు. కానీ తల్లీ, ఆ కొట్లో అన్నీ మాసిపోయే ఉన్నాయేం? గోడలు, సంచులు, చెంబులు అన్నీ టీ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి.

ఆ కొట్టాయనకి 1955 అంటే ఇవాళే. పండక్కి సున్నం వేయించుకున్న గోడ తెల్లగా ఉంటుంది. ఆ ఏటి క్యాలెండరు కొత్తగా ఉంటుంది. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు తళతళలాడుతుంది. మీరు అటక మీంచి దించిన చెంబుకున్న చిలుము ఆ తర్వాత పట్టింది. దాన్నలాగే పెడితే చెంబు తోమిన ఇల్లాలి కష్టాన్ని తక్కువ చేసినట్టే. అరుగుదల మనిషి తగిలిన చోటే చూపించు: గల్లాపెట్టె మూత అంచున, తలుపు గొళ్లెం చుట్టూ, ఆయన చేరగిలబడే గోడ మీద తలనూనె మరకగా. లాంతరు వేలాడే చోట పైన పొగ మసి ఉండాలి. గల్లాపెట్టె వాళ్ల తాతగారిదైతే అది మాత్రం పాతగానే కనిపించనీ.

పద్దులో రూపాయలు, అణాలు, పైలు అని మూడు వరుసలు గీయించు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న గానీ రాలేదు. కిలో రాళ్లు తీసేసి వీశె గుండ్లు పెట్టండి. గూట్లోని ఉత్తరం మీద పిన్‌కోడ్ ఉంది, అది వచ్చింది 1972లో. బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ అని రాయించారు. అప్పటికి మనది కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం. ఇవన్నీ కెమెరాకి ఆనవని మీవాళ్లు అంటారేమో. నటిస్తూ ఆ పద్దు తిప్పే కుర్రాడికి ఆనుతాయి. అణాల లెక్క నిజంగా కూడుకుంటుంటే వాడి మొహం వేరుగా ఉంటుంది.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. సెట్టు కోసం మీకు త్రాసు ఇచ్చిన మామ్మగారు వాళ్ల నాన్నగారి పద్దు పుస్తకం కూడా ఇచ్చారన్నావు. దాన్ని కెమెరా ముందు తెరవకు. అందులో ఊళ్లోవాళ్ల అప్పులు పేర్లతో సహా ఉంటాయి, వాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లోనే ఉండొచ్చు. రాత తీరు చూసుకుని, కల్పించిన పేర్లతో వేరే పుస్తకం రాయించు. టీ నీళ్లేవో దాని మీద చల్లుకో. ఆవిడ పుస్తకం మీద చుక్క పడకూడదు. త్రాసుకి రంగులు పూయొద్దు. దాన్నెలా పట్టుకునేవారో, ఏ సరుకు ఎలా తూచేవారో ఆవిడనే కూర్చోబెట్టి అడుగు. ఏ పుస్తకంలోనూ దొరకనివి చెబుతారు.

తెచ్చినప్పుడే ప్రతి వస్తువూ కాగితం మీద రాసి, ఒక ప్రతి ఆవిడకివ్వు. షూటింగు అయిన మర్నాడే శుభ్రంగా తుడిచి నువ్వే తీసుకెళ్లి అప్పజెప్పు, ఎవరో కుర్రాడి చేత పంపకు. ఏదైనా సొట్టపడితే ఆ పూటే వెళ్లి చెప్పు. మరమ్మతు ఎలా చేయించాలన్నది ఆవిడ ఇష్టం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య