చిన్నచేప ఎవరి వాటా?

1968 జూలైలో పెరూ ఉత్తర తీరాన, చింబోతే అనే రేవు పట్టణంలో కొందరు కేథలిక్ ఫాదర్లు సమావేశమయ్యారు. లీమా నుంచి వచ్చిన గుస్తావో గుతియెర్రెస్ అనే నలభై ఏళ్ల ఫాదర్ అక్కడ ప్రసంగించారు. పేదరికం విధిరాత కాదని, దానికి కారణాలున్నాయని, ఆ కారణాలను తొలగించే పనికి దూరంగా ఉండి దేవుణ్ణి నమ్ముతున్నామంటే చెల్లదని ఆయన వాదన. ఆ తర్వాత లాటిన్ అమెరికా చర్చిని కుదిపేసిన విమోచన దైవశాస్త్రం గుతియెర్రెస్ నోట ఆ పేరుతో మొదట వినిపించింది ఆ ప్రసంగంలోనే.

ఆ మాట చింబోతేలో పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా అంతకంటే తగిన ఊరు దొరకడం కష్టం. 1940లో అక్కడి జనాభా నాలుగు వేల పైచిలుకు. 1972 నాటికి లక్షన్నర దాటింది. ఆండీస్ కొండల మీది నుంచి దిగివచ్చిన జనం ఇసుకలో రెల్లు చాపలు పాతుకుని కాపురాలు పెట్టారు. వాళ్లను రప్పించింది జానెడు పొడవైనా ఉండని ఒక చేప. దాని పేరు ఆంచోవేటా. మన తీరంలో నెత్తళ్లు అని పిలుచుకునే చేపల కుటుంబానికే చెందినది. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం అడుగునీటిలోని పోషకాలను పైకి తెస్తుంది. ఆ నీటిలో పెరిగే సూక్ష్మజీవులను తిని ఈ చేప కోట్ల సంఖ్యలో మందలు కడుతుంది. 1970లో పెరూ పడవలు పట్టింది 1.2 కోట్ల టన్నులకు పైమాటే. అందులో దాదాపు మొత్తం మనుషుల పళ్లెంలోకి రాలేదు. పొడిగా మారి, బస్తాల్లోకెక్కి, ఐరోపా, అమెరికాలలోని కోళ్లకూ పందులకూ మేతగా వెళ్లింది.

చింబోతే మీదే పెరూ రచయిత హోసే మరియా అర్గేదాస్ తన చివరి నవల రాస్తూ, దాన్ని ముగించకుండానే 1969 చివర తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. గుతియెర్రెస్ తన ప్రసిద్ధ గ్రంథాన్ని 1971లో ఆ మిత్రుడికి అంకితమిచ్చారు. ఒక మత చింతనకూ ఒక సాహిత్యానికీ చేపపొడి మిల్లుల పొగలో ఇంత దగ్గరి చుట్టరికం కుదిరింది. అలాంటప్పుడు ఆ మిల్లు లేవనెత్తే ప్రశ్నను ఆర్థికశాస్త్రానికి వదిలేసి ఊరుకోవడం సరికాదు.

మిల్లులో జరిగే పని చెప్పుకోవడానికి సులువే. రింగు వలతో పట్టిన చేపను గొట్టాల ద్వారా ఒడ్డుకు తోడతారు. దాదాపు 90, 100 డిగ్రీల వేడిలో ఉడకబెట్టి, పిండుతారు. పిండిన ద్రవాన్ని గిర్రున తిప్పి నూనె వేరు చేస్తారు. మిగిలిన ముద్దను ఆరబెట్టి పొడి కొడతారు. కిలో పొడి రావాలంటే నాలుగు కిలోలకు పైగా పచ్చి చేప కావాలి. పొడిలో మూడింట రెండు వంతులు మాంసకృత్తులే. ప్రపంచం మొత్తం మీద 2022లో ఇలా పొడిగా, నూనెగా మారిన చేప సుమారు 1.7 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. ఇప్పుడా పొడిలో అధిక భాగం కోళ్లకు పోవడం లేదు. చెరువుల్లో, సముద్రపు పంజరాల్లో పెంచే చేపలకూ రొయ్యలకూ పోతోంది.

టన్నుల్లో లెక్కపెట్టడంలోనే మొదటి ధర్మసందేహం ఉంది. ఒక మేకను కోస్తే ఒక ప్రాణం పోయిందని ఎవరికైనా తెలుస్తుంది. టన్ను ఆంచోవేటాలో ఎన్ని ప్రాణాలున్నాయో ఎవరూ అడగరు. టిబెట్ బౌద్ధులు సంప్రదాయంగా చేప తినడానికి వెనకాడేది ఇందుకే. ఒక జడలబర్రె ప్రాణంతో ఎంతోమంది ఆకలి తీరుతుంది, చేపలైతే ఒక్కరి పూటకే ఎన్నో ప్రాణాలు పోతాయని వారి తర్కం. ఆ తర్కాన్ని చేపపొడికి అన్వయిస్తే తల తిరుగుతుంది. ఏటా మనిషి సముద్రంలో పట్టే చేపల సంఖ్య ఒకటి నుంచి రెండు లక్షల కోట్ల వరకు ఉంటుందనీ, అందులో దాదాపు సగం పొడికీ నూనెకూ పోతున్నాయనీ పరిశోధకుల అంచనా. సంఖ్య ఒక్కటే పాపానికి కొలత అని ఈ వ్యాసం వాదించదు. ప్రాణి బాధపడగలదా, ఎంత బాధపడుతుంది అన్న ప్రశ్న దాని పక్కనే ఉంటుంది. కానీ లెక్కించనిదాని గురించి మనసు కలత చెందదు. జైన మునులు నడిచే దారిలో చీమను చూసి అడుగు పక్కకు వేయడం వెనక ఉన్న సాధన అదే. ముందు ఆ ప్రాణి కంటపడాలి.

ఆండీస్ తీరంలో సముద్రానికి మామా కోచా అని పేరుండేది, సముద్ర మాత అని అర్థం. చేపలిచ్చి పోషిస్తున్నందుకే తీరవాసులు ఆమెను కొలిచేవారని పదిహేడో శతాబ్దం మొదట్లో గార్సిలాసో దే లా వేగా అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఇంకా వెనక్కి, నాలుగున్నర వేల ఏళ్ల కిందటి కరాల్, ఆస్పెరో శిథిలాల్లో ఆంచోవేటా ముళ్లు బయటపడ్డాయి. ఆ నాగరికత మూలం పొలాల్లో కంటే సముద్రంలోనే ఉందని 1975లో మైఖేల్ మోస్లీ అనే పురాతత్వవేత్త వాదించాడు. ఆ వాదన మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. ఒకటి మాత్రం ఖాయం. ఆ చేప ఆనాడు మనుషుల తిండి. ఎరువు కోసం రెట్ట ఇచ్చే సముద్రపు పక్షులను గుడ్లు పెట్టే కాలంలో చంపితే స్పానిష్ వారికి ముందు ఆ నేలను ఏలిన ఇంకాలు మరణశిక్ష వేసేవారని కూడా గార్సిలాసోనే చెప్పాడు. చేప, పక్షి, పొలం, మనిషి ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నారని ఆ చట్టం చేసినవారికి తెలుసు. 1972లో ఎల్ నినో వచ్చి నీళ్లు వేడెక్కినప్పుడు, అప్పటికే అడ్డూ అదుపూ లేని వేటతో బలహీనపడిన ఆంచోవేటా కుప్పకూలింది. దాన్నే నమ్ముకున్న పక్షులు కరువున పడ్డాయి. చింబోతే మిల్లులు చల్లబడ్డాయి. 1973లో సైనిక ప్రభుత్వం పరిశ్రమను జాతీయం చేసింది.

ఇక్కడ మన కథ ఒకటి తలుచుకోవాలి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటుంటే దోసిట్లోకి ఒక చిన్న చేప వస్తుంది. చిన్నగా ఉన్నంతకాలం మాకు ముప్పే, పెద్ద చేపలు మింగేస్తాయి, నన్ను కాపాడు అని మొరపెట్టుకుంటుంది. మనువు దాన్ని కుండలో, తర్వాత గుంటలో పెంచి, పెద్దయ్యాక సముద్రంలో విడిచిపెడతాడు. పోతన భాగవతం అష్టమ స్కంధం ద్వారా తెలుగువారికి పరిచయమైన సత్యవ్రతుడి కథ దీనికే మరో రూపం. ఇక కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, బలవంతుడు బలహీనుణ్ణి మింగే మత్స్యన్యాయానికి తాళలేక ప్రజలు తమకు రాజుగా ఎన్నుకున్నది కూడా వైవస్వత మనువునే. చిన్నచేప మొర విన్నవాడే ప్రజల మొరా వినాలని ఈ రెండు కథలనూ కలిపి చదువుకుంటే అనిపిస్తుంది. పాలకుడి ధర్మం మొదలయ్యేది ఆ దోసిట్లోనే.

నేటి పెరూ ప్రభుత్వం ఆ ధర్మంలో కొంత నెరవేరుస్తోందని ఒప్పుకోవాలి. 2009 నుంచి ప్రతి పడవకూ విడిగా కోటా ఉంది. 12 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపలు ఎక్కువగా పడుతున్న చోట వేట నిలిపేస్తారు. 2023లో ఎల్ నినో వల్ల పిల్ల చేపలే ఎక్కువగా కనిపించడంతో ఉత్తర, మధ్య తీరంలో తొలి సీజన్ మొత్తాన్నే రద్దు చేశారు. పరిశ్రమకు అది పెద్ద దెబ్బ, అయినా చేశారు. 2024లో తొలి సీజన్ కోటా 24.75 లక్షల టన్నులు. చేపల మంద నిలిచింది, వేట సాగింది. అయితే ఆ చేప ఎవరికి చెందాలి అన్న ప్రశ్నకు కోటా జవాబు చెప్పదు. సుస్థిరత, న్యాయం రెండూ ఒకటే అనుకోవడం మన కాలపు పెద్ద పొరపాటు. బంగారు గుడ్ల బాతును బతికించుకున్నంత మాత్రాన గుడ్డు పంపకం న్యాయంగా జరిగినట్టు కాదు.

పెరూలో మూడేళ్లలోపు పిల్లల్లో నూటికి నలభై మందికి పైగా రక్తహీనత ఉంది. పునో లాంటి కొండ ప్రాంతాల్లో ఇంకా చాలా ఎక్కువ. పక్క సముద్రంలో ఇనుము, మాంసకృత్తులు, ఒమేగా కొవ్వులు నిండిన చేప లక్షల టన్నుల్లో దొరుకుతుంటే, నేరుగా మనుషుల నోటికి చేరేది అందులో అతి స్వల్పం. దీనికి దురాశ ఒక్కటే కారణమని తేల్చేస్తే అన్యాయమవుతుంది. ఆంచోవేటా పొట్ట మెత్తన, నూనె ఎక్కువ, గంటల్లో చెడుతుంది. ఐసు పెట్టి, పెట్టెల్లో సర్ది తేవాలంటే పడవలో తక్కువ సరుకే పడుతుంది. మిల్లుకు గుట్టగా పోస్తే చాలు. పైగా పక్షుల తిండి, పేదల తిండి అనే చిన్నచూపు లీమాలో పాతుకుపోయింది. ఆ చిన్నచూపు పోగొట్టాలని 2006 చివర పత్రీసియా మాహ్లుఫ్ అనే శాస్త్రవేత్త పేరున్న వంటవాళ్లతో కలిసి ఆంచోవేటా వారోత్సవం జరిపించారు. రుచి చూసినవారు మెచ్చుకున్నారు. మిల్లుల దారి మాత్రం పెద్దగా మారలేదు. గుతియెర్రెస్ వాదన సారం ఇదే. ఎవరో ఒక దుర్మార్గుడు లేకపోయినా, వ్యవస్థ అమరికలోనే అన్యాయం ఉండగలదు.

ఆ అమరిక ఎంత దూరం విస్తరించిందో చూడటానికి ఒక ఉదాహరణ చాలు. నార్వేలో బెర్గెన్‌కు దక్షిణాన ఔస్టెవోల్ అనే దీవుల సమూహం ఉంది. ఆ పేరే పెట్టుకున్న సంస్థ ఔస్టెవోల్ సీఫుడ్, ఓస్లో స్టాక్ మార్కెట్‌లో నమోదైనది. పెరూలో ఆస్త్రాల్ గ్రూప్ దాని చేతిలో ఉంది, అది ఆంచోవేటా పట్టి పొడి, నూనె చేస్తుంది. ప్రపంచంలోని పెద్ద సాల్మన్ పెంపకందారుల్లో ఒకటైన లెరోయ్‌లో కూడా ఔస్టెవోల్‌కు సగానికి పైగా వాటా ఉంది. చిలీలో వేట, ఉత్తర అట్లాంటిక్‌లో పెలాజియా పేరుతో పొడి, నూనె వ్యాపారం కూడా ఉన్నాయి. ఒక ఏడాది చేప తక్కువ పడితే మరో శాఖ ఆదుకుంటుంది. వ్యాపారంగా ఇది తెలివైన ఏర్పాటు. ఆ సంస్థ తప్పు చేస్తోందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఇంతగా శాఖోపశాఖలైన సంస్థలో చేపను పట్టి మేతగా మార్చే పనికి కర్త ఎవరు అన్నదే ప్రశ్న.

మనుస్మృతి మాంసం గురించి మాట్లాడుతూ ఆమోదించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరినీ హంతకుల జాబితాలోనే చేరుస్తుంది. మనుస్మృతిలో తిరస్కరించవలసినవి చాలా ఉన్నాయి. ఈ ఒక్క ఆలోచన మాత్రం నేటి సరఫరా గొలుసుకు ఆశ్చర్యంగా సరిపోతుంది. పనిని ముక్కలు చేస్తే బాధ్యత ముక్కలవదు, ప్రతి ముక్కలోనూ మొత్తంగానే ఉంటుంది. ఆధునిక సంస్థ వీరిలో చాలామందిని ఒకే కప్పు కిందికి తెచ్చింది. తినేవాడిని మాత్రం వేల మైళ్ల దూరంలో ఉంచింది. సాల్మన్ ముక్క నోట్లో పెట్టుకున్నవాడికి తాను ఆంచోవేటాను కూడా తింటున్నానన్న ఎరుక ఉండదు.

పరిశ్రమ వైపు నుంచి బలమైన జవాబు ఒకటుంది. 1990లో నార్వే సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం సముద్రం నుంచి వచ్చిన సరుకే, 2020 నాటికి అది నాలుగో వంతు లోపుకు దిగింది. ప్రపంచంలో తయారవుతున్న చేపపొడిలో మూడో వంతు ఇప్పుడు తలలు, ముళ్లు, పేగుల నుంచి వస్తోంది. ఇవి నిజమైన మార్పులు, గౌరవించదగినవి. చెత్తలో పోయేదాన్ని మేతగా మార్చడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా మనిషి తినదగిన మొత్తం చేప దగ్గరే. 2017లో టిమ్ క్యాషన్ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం, పొడికి పోయే చేపలో 90 శాతం మనిషి తినదగినదే. పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఇది కళ్లకు కడుతుంది. సెనెగల్, గాంబియాలలో సార్డినెల్లా చేప పేదల కూరలో రోజువారీ తిండి, దాన్ని పొగబెట్టి, ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ల బతుకుతెరువు. మిల్లులు వచ్చాక వాళ్లకు దొరికే చేప తగ్గి, ధర పెరిగింది. అక్కడ చిన్నచేపను పట్టి పెద్దచేపకు మేపే పనిని మనిషే చేస్తున్నాడు. మత్స్యన్యాయం సముద్రంలో దానంతటదే జరిగేది, ఇప్పుడు దానికి కాంట్రాక్టులు, ఓడలు, బ్యాంకు రుణాలు అమరాయి.

ఆంధ్ర తీరానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 2009లో వనామీ రొయ్య అనుమతి పొందాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరిచేలు చెరువులయ్యాయి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, అందులో ఎక్కువ భాగం అమెరికా తదితర దేశాలకు ఎగుమతి. రొయ్య మేతలో చేపపొడి ముఖ్యమైన దినుసు. మన దేశ పశ్చిమ తీరంలోని మిల్లుల్లో ఆ పొడి అవడానికి ముందు అది కవళ్లు లాంటి చవక చేప. భీమవరం రైతు అప్పు చేసి మేత కొంటాడు, తెగుళ్లకూ ధరలకూ భయపడుతూ రాత్రుళ్లు ఏరేటర్లు చూసుకుంటాడు. అతన్ని దోషిగా నిలబెట్టడం దయ లేని పని. అతని చెరువు చుట్టూ వేల కుటుంబాలు బతుకుతున్నాయి. అయితే అదే ఆంధ్ర తీరంలో నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టి తట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ఎండుచేప కొనేది మాంసం కొనలేని ఇళ్లు. ఒకే చేప కోసం రెండు వైపుల నుంచి చేతులు చాచినప్పుడు, ఎక్కువ ధర పెట్టగల చేయే గెలుస్తుంది. మార్కెట్‌కు తెలిసిన న్యాయం అదొక్కటే. ఓడిపోయే ఆ రెండో చేతికి ముందు వాటా ఇవ్వాలని చట్టంలో రాసుకునేవరకు ఈ పోటీ ఇలాగే నడుస్తుంది.

తినదగిన చిన్నచేప ముందు మనిషి పళ్లానికి, మిగిలింది మేతకు అన్న వరుస అమలు చేయాలంటే ముందుగా ఆ చేప ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తెలియాలి. మేత బస్తా మీద ప్రోటీన్ ఎంత శాతం, కొవ్వు ఎంత, పీచు ఎంత, తేమ ఎంత అని ఉంటుంది. ఆ ప్రోటీన్ ఏ సముద్రంలోని ఏ చేపది, అది మొత్తం చేపా లేక తలలూ ముళ్లా అన్నది కూడా ఆ బస్తా మీదే అచ్చు వేయమని రైతులు, ఎగుమతిదారులు, ప్రభుత్వం అడగవచ్చు. అందుకు కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు, మిల్లు కొనుగోలు పుస్తకంలో ఆ వివరం ఎలాగూ ఉండాల్సిందే.